ఇంటిపన్ను రసీదులో ఎనిమిది పైసలు

చీరాలలో మా పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్ అయిన మర్నాడు ఆడవాళ్ళంతా చీరల షాపులకు బయల్దేరితే నేను వేటపాలెం వెళ్తానన్నాను. పట్టుమని పది కిలోమీటర్లు లేదు, ఒక్కదాన్నే అనేసరికి ఆటోవాడు మూడొందలు అడిగాడు. ఒళ్ళు మండి షేర్ ఆటో కోసం అరగంట నిలబడి, జీడిపప్పు బస్తాల మధ్య ఇరుక్కుని వెళ్ళాను.

అక్కడి సారస్వత నికేతనం గురించి చాలామందికి తెలిసే ఉంటుంది. 1918లో ఊరివాళ్ళు మొదలుపెట్టుకున్న గ్రంథాలయం, 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర అక్కడే భద్రంగా ఉంది. నేను వెళ్ళింది కర్ర కోసం కాదు. మా తాతయ్య చదివిన ఆంధ్రపత్రిక ఎలా ఉండేదో ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడాలని ఎప్పటినుంచో కోరిక.

గ్రంథాలయంవాళ్ళు పాత సంచికల బైండు తెచ్చి బల్లమీద పెట్టి, "రెండు చేతులతో తిప్పండమ్మా, ఒక వేలితో లాగకండి" అన్నారు. కాగితం బెల్లం రంగుకి తిరిగింది. ఎంత జాగ్రత్తగా తిప్పినా అంచు దగ్గర గోరంత ముక్క ఊడి నా కొంగు మీద పడింది. దానిమీద రెండక్షరాలున్నాయి, ఏ మాటలోవో తెలియలేదు. గుండె గుభేలుమంది. పత్రిక కాగితం చెక్క గుజ్జుతో చేస్తారు కాబట్టి అందులోని ఆమ్లమే దాన్ని లోపలనుంచి తినేస్తుందట, దానికి తోడు సముద్రపు గాలి, తేమ, చెదలు. ఈ ఏడు డబ్బుల్లేవని రోడ్డు ఆపితే వచ్చే ఏడు వేసుకోవచ్చు. బైండింగు ఆపితే వచ్చే ఏటికి ఆ పేజీ ఉండదు కదా! ఆ ముక్కని కాగితంలో మడిచి వాళ్ళకే ఇచ్చేశాను. నూరేళ్ళుగా ఇన్ని వేల పుస్తకాల్ని ఇలా కాపాడుకొస్తున్న మనుషుల్ని చూస్తే దండం పెట్టాలనిపించింది.

అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోవడానికి ప్యాసింజర్ నయమనుకున్నా, టికెట్ ఆటో కన్నా చవక. అది రెండు గంటలు లేటు. వేటపాలెం స్టేషన్లో వేపచెట్టు కింద బెంచీ మీద ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, పేపరు నాలుగు మడతలు పెట్టి చదువుకుంటున్నారు. "ఎక్కడిదాకా అమ్మాయ్?" అని మొదలుపెట్టి, నేను గ్రంథాలయం చూసొస్తున్నానని చెప్పగానే పేపరు పక్కన పెట్టేశారు. ముప్పై ఏళ్ళు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యారట. వాళ్ళ నాన్న చిన్నప్పుడు కాలువ గట్టున కూర్చుని పుస్తకాల పడవ కోసం ఎదురుచూసేవాడని చెప్పారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపించారు కదా, ఆ పడవే. పుస్తకం మనిషి దగ్గరికి నడిచి వచ్చిన నేల ఇది, అన్నారాయన.

నాకు మా ఊరి శాఖా గ్రంథాలయం గుర్తొచ్చింది. సాయంత్రం బడినుంచి రాగానే నాన్న నన్ను సైకిల్ బార్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఆయన పేపర్లు, నేను పిల్లల పత్రికలు. ట్యూబులైటు చుట్టూ పురుగులు, కుర్చీలు చాలక కిటికీ అరుగు మీద కూర్చునేవాళ్ళు, ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. పోయిన సంక్రాంతికి వెళ్తే పేపర్లు రెండే వస్తున్నాయి. ఒకే మనిషి రెండు ఊళ్ళు చూసుకోవాలి కాబట్టి రోజు విడిచి రోజు తలుపు తీస్తారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు బయట మెట్లమీద కూర్చుని ఉన్నారు. అడిగితే "బడ్జెట్ లేదండీ" అన్నారు. నేను నమ్మేశాను.

ఇదంతా చెబితే పెద్దాయన చప్పున అన్నారు: "బడ్జెట్ లేకపోవడమేంటమ్మా, నువ్వు కట్టావు కదా!"

అర్థం కాలేదు. ఇంటిపన్ను రసీదు ఉందా అన్నారు. ఫోన్లో ఉంది, తీశాను. ఎండకు తెర కనబడక కొంగు అడ్డం పెట్టుకుని చూపించాను. పన్ను 2,400, కింద గ్రంథాలయ సెస్సు 192. ఇన్నేళ్ళుగా కడుతున్నా ఆ వరస ఎప్పుడూ చదవలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల పేరుతో వసూలు చేసి, మున్సిపాలిటీ అయినా పంచాయతీ అయినా, శాఖా గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. తెలంగాణలోనూ ఇదే లెక్క. వసూలైతే అవుతుంది. జమ దగ్గరే ఆగిపోతుంది, వేరే ఖర్చులకు వాడేసుకుంటారు, బకాయి ఏళ్ళ తరబడి కాగితం మీద పెరుగుతుంది. ఆయన సర్వీసంతా ఆ బకాయిల కోసం ఉత్తరాలు రాయడంతోనే సరిపోయిందట. "కోత కోశామని ఎవరూ చెప్పరమ్మా. చెబితే జనం అడుగుతారు. డబ్బు పంపరు, అంతే."

నాకు నిజంగా కోపం వచ్చింది. మెట్లమీద కూర్చున్న ఆ పిల్లల అమ్మానాన్నలు కూడా కట్టే ఉంటారు కదా.

బండి వచ్చింది. జాండ్రపేట, చీరాల, స్టూవర్టుపురం, బాపట్ల వచ్చేదాకా ఆయన చెబుతూనే ఉన్నారు, నేను రాసుకుంటూనే ఉన్నాను. మున్సిపాలిటీని ఏం అడగాలి, గ్రంథాలయ సంస్థను ఏం అడగాలి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి ఎలా చూడాలి. బాపట్లలో దిగుతూ, "ఒక్క ఏడాది లెక్క అడగొద్దు, పదేళ్ళది అడుగు" అన్నారు.

ఇంటికొచ్చిన మూడో రోజున రెండు చోట్లా సమాచార హక్కు అర్జీలు పెట్టాను, ఒక్కోదానికి పది రూపాయలు. పదేళ్ళలో మా ఊళ్ళో వసూలైన సెస్సు ఎంత, గ్రంథాలయ సంస్థకు చేరింది ఎంత. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవాళ్టికి పదకొండు.