మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆగే ప్యానెల్

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్యానెల్ షాపులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసి వచ్చాను. పంపులను, యంత్రాలను నడిపించే కరెంటు పెట్టెలు, అంటే కంట్రోల్ ప్యానెళ్లు కట్టి, సైటుకు తీసుకెళ్లి బిగించి, నడిపించి అప్పజెప్పడం మా పని. ప్యానెల్ తలుపు తీసిన వాళ్లంతా అన్నింటికీ ఆజ్ఞలిచ్చే చిన్న కంప్యూటరైన పీఎల్‌సీని చూస్తారు, మోటర్ల వేగాన్ని అదుపు చేసే డ్రైవులను చూస్తారు. ఓ పక్కన ఉండే పవర్ సప్లైని ఎవరూ పట్టించుకోరు. మేం దాన్ని ఎస్‌ఎంపీఎస్ అంటాం. 230 వోల్టుల ఏసీ తీసుకుని 24 వోల్టుల డీసీ ఇస్తుంది. పీఎల్‌సీ, సెన్సర్లు, రిలేలు, వాల్వులు అన్నీ దాని మీదే బతుకుతాయి.

రెండేళ్ల కింద ఆగస్టులో అల్ ధైద్ వైపు ఒక పంపుల స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. మేం కట్టిన ప్యానెలే. రోజూ మధ్యాహ్నం పంపులు ఆగిపోతున్నాయి, కాసేపటికి మళ్లీ వాటంతట అవే లేస్తున్నాయి. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. అది చట్టం, మంచి చట్టం. కానీ మా ఫాల్టు సరిగ్గా ఆ వేళలోనే వచ్చేది. మేం నాలుగింటికి వెళ్లి తలుపు తీస్తే లోపలి వేడి భగ్గున మొహానికి కొట్టేది. పది నిమిషాలకు లోపలంతా చల్లబడేది, ప్యానెల్ ఏమీ ఎరగనట్టు నడిచేది. మూడు రోజులు ఇదే తంతు. ఆ నీళ్లు ఖర్జూర తోటలకు పోవాలి. నాకు టెన్షన్‌తో రాత్రులు నిద్ర పట్టలేదు.

నాలుగో రోజు పొద్దున్నే, కనిష్ఠ వోల్టేజీ గుర్తుంచుకునే మల్టీమీటరును 24 వోల్టుల టెర్మినళ్లకు తగిలించాం. దాని పక్కన గరిష్ఠ వేడిని గుర్తుంచుకునే థర్మామీటరు పెట్టి తలుపు మూశాం. సాయంత్రం వెళ్లి చూస్తే థర్మామీటరులో 66 డిగ్రీలు, మీటరులో 17.8 వోల్టులు. మా పీఎల్‌సీకి కనీసం 20.4 వోల్టులు ఉండాలి.

నాతో వచ్చిన కోరుట్ల పిల్లగాడు లెక్కల కాగితం తీశాడు. పీఎల్‌సీ, దాని మాడ్యూళ్లు కలిపి 1.6 ఆంపియర్లు. స్క్రీన్ 0.7. 8 వాట్ల వాల్వులు పది, అవన్నీ ఒకేసారి తెరుచుకుంటే 3.3. రిలేలు 0.4, ట్రాన్స్‌మిటర్లు 0.2, మోడెమ్, స్విచ్ కలిపి 0.6. మొత్తం 6.8.

"అన్నా, మనం పెట్టింది 10 ఆంపియర్లది. ఇంకా మూడు మిగులుండాలె కదా?"

"10 అని రాసింది 50 డిగ్రీల వరకే తమ్మీ. ఆపైన ఒక్కో డిగ్రీకి రెండున్నర శాతం కోసుకో."

వాడు ఫోనులో లెక్క కట్టాడు. 50 మీద 16 డిగ్రీలు, అంటే 40 శాతం పోయింది. 10 ఆంపియర్ల సప్లై ఆ వేళకు 6 ఆంపియర్లదే. అన్ని వాల్వులూ తెరుచుకున్న క్షణాన 6.8 అడిగితే వోల్టేజీ జారిపోతోంది. కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, డేటాషీటులో ఆ గ్రాఫు ఉంది. డ్రాయింగు మీద సంతకం పెట్టేటప్పుడు నేను ఆ పేజీ దాకా పోలేదు. తప్పు నాదే. బిగించడంలోనూ తప్పు జరిగింది. సప్లై కింద డ్రైవు ఉంది, దాని వేడి గాలంతా నేరుగా సప్లైలోకే పోతోంది. పైన, కింద వదలాల్సిన ఖాళీని వైరు డక్టు మింగేసింది. ఫ్యాన్ ఫిల్టరు తీస్తే అట్టలా గట్టిపడిన ఇసుక.

20 ఆంపియర్ల సప్లై తెచ్చి, డ్రైవుకు దూరంగా, ప్యానెల్ అడుగు భాగంలో పెట్టాం. ఫిల్టరు మార్చాం, పైన నీడకు రేకు వేయించాం. ఆ తర్వాత లోపల వేడి 58 దాటలేదు. 60 డిగ్రీల దగ్గర కూడా అది 15 ఆంపియర్లు ఇస్తుంది.

అప్పటి నుంచి ఎఫిషియెన్సీ, అంటే తీసుకున్న కరెంటులో ఎంత శాతం బయటికి ఇస్తుందో కూడా చూస్తున్నాను. 240 వాట్ల సప్లై 88 శాతందైతే నిండు లోడులో దాదాపు 33 వాట్లు ప్యానెల్‌లోనే వేడిగా వదులుతుంది, 94 శాతందైతే 15 వాట్లే. ఈ ఎడారిలో ఆ తేడా చిన్నది కాదు. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సుమారు సగమవుతుంది. ధర తక్కువని కొన్నది మూడో వేసవికే మార్చాల్సి వస్తే ఏం మిగిలినట్టు?

ఇంకో సంగతి చాలామంది కొత్తవాళ్లకు తెలియదు. ఒక్కో లైనుకు ఎంసీబీ (కరెంటు మితి మీరితే తనంతట తానే పడి లైను తెంచే స్విచ్) పెట్టాం, ఎక్కడ షార్టయినా అదొక్కటే పడుతుందిలే అనుకుంటారు. 6 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ వెంటనే పడాలంటే 60 ఆంపియర్ల దాకా కావాలి, డీసీలో ఇంకా ఎక్కువే కావాలి. 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ అంత ఎక్కడి నుంచి తెస్తుంది? ఎంసీబీ పడేలోపే 24 వోల్టులు కుప్పకూలి పీఎల్‌సీ ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు పీఎల్‌సీకి ఒక సప్లై, వాల్వులకు వేరే సప్లై పెడుతున్నాం. వీలైతే లైనుకొక ఎలక్ట్రానిక్ బ్రేకరు.

వైరు విషయంలో మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఊళ్లో మా నాయన బావి మోటరు ట్రాన్స్‌ఫార్మరుకు చాలా దూరం. రాత్రి వంతు కరెంటు రాగానే అందరూ ఒక్కసారే మోటర్లు వేసేవాళ్లు, చివరనున్న మాది మూలిగేది. ఎండాకాలానికి ఒక్కసారైనా వైండింగు కాలేది, దాన్ని బండి మీద వేసుకుని మెట్‌పల్లి పోయేవాళ్లం. 24 వోల్టుల్లోనూ అదే కథ. 80 మీటర్ల దూరంలోని వాల్వులకు 1.5 స్క్వేరు (చదరపు మిల్లీమీటర్ల) వైరు వేసి 2 ఆంపియర్లు పంపితే, పోను రాను 160 మీటర్ల రాగిలో 3.7 వోల్టులు పోతాయి. అక్కడికి చేరేది 20.3. వాల్వు కాయిలుకు కనీసం 21.6 కావాలి. 2.5 స్క్వేరు వేస్తే 21.8 చేరుతుంది. అదీ అంచు మీదే, కాబట్టి సప్లై ముందున్న స్క్రూ తిప్పి 25కు పెడతాం.

ఆ పిల్లగాడు ఇప్పుడు డ్రాయింగులు తానే చూస్తున్నాడు. పోయిన వారం ఒక కొత్త డ్రాయింగు నా టేబుల్ మీదికి వచ్చింది. 10 ఆంపియర్ల సప్లై పక్కన ఎర్ర పెన్నుతో వాడి రాత: "అన్నా, ప్యానెల్ ఎండలోనా, నీడలోనా? అది తెలిసినాకనే సంతకం పెడుత."