జరిమానా సరే, పోగొట్టుకున్నవాళ్ల సంగతేంటి?

నిన్న అమలాపురంలో మా పెద్దమ్మకి ఫోన్ వచ్చింది. అవతలివాడు ఆవిడ పేరు, ఊరు, ఏ బ్యాంకులో ఖాతా ఉందో, ఆధార్ చివరి నాలుగు అంకెలు గడగడా చెప్పేశాడు. ఓటీపీ చెప్పబోతుంటే ఫోన్ లాక్కున్నాను. "నా వివరాలు వాడికి ఎవరిచ్చార్రా?" అంది టెన్షన్‌గా. ఏం చెప్పను?

డేటా లీక్ వార్త వచ్చిన ప్రతిసారీ కంపెనీ "మీ భద్రతే మాకు ముఖ్యం" అంటుంది. ప్రభుత్వం "విచారిస్తున్నాం" అంటుంది. ఈ రెండు మాటల్నీ నమ్మడం మానేశాను. 2023 డేటా రక్షణ చట్టం చూడండి. డేటాని కాపాడలేని కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కానీ ఆ డబ్బు వెళ్లేది కేంద్ర ఖజానాకి, మోసపోయిన మనిషికి కాదు. పైగా ఐటీ చట్టంలో పరిహారానికి దారి చూపిన 43ఏ సెక్షన్‌ని తీసేయాలని ఇందులోనే రాశారు. దేశ భద్రత లాంటి కారణాలతో తన సంస్థలకి మినహాయింపు ఇచ్చుకునే వీలు కూడా కేంద్రం ఉంచుకుంది. ఇదెక్కడి న్యాయం?

2014 జూన్ 27న మన కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. మాడిపోయిన కొబ్బరి చెట్లు అందరికీ కనబడ్డాయి. మంత్రులొచ్చారు, పరిహారం ప్రకటించారు. డేటా పోతే పొగ కూడా రాదు, అందుకే ఎవరూ రారు.

ఓట్లడగడానికి వచ్చేవాళ్లని ఈసారి ఇదే అడగండి: జరిమానాలో బాధితులకి వాటా ఎందుకు లేదు? ఈలోగా ఎవరికైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.