ఈసీఎల్‌లో నేను పోగొట్టుకున్న మార్కులు

సీఏ ఫైనల్ మొదటి అటెంప్ట్‌లో నాకు ఫైనాన్షియల్ రిపోర్టింగ్ పేపర్ పోయింది. తర్వాత చూసుకుంటే, ఇండ్ ఏఎస్ 109 (అప్పుల వంటి ఆర్థిక సాధనాల అకౌంటింగ్ స్టాండర్డ్)లో ‘12 నెలల ఈసీఎల్’ (ఎక్స్‌పెక్టెడ్ క్రెడిట్ లాస్, అంటే అప్పుల మీద ముందే అంచనా వేసే నష్టం) అన్న మాటనే తప్పుగా అర్థం చేసుకున్నాను. వచ్చే ఏడాదిలో ఎన్ని వాయిదాలు ఎగ్గొడతారో అంతే నష్టం అనుకున్నా. కాదు. 12 నెలలు అనేది డిఫాల్ట్ అయ్యే అవకాశానికి మాత్రమే. డిఫాల్ట్ అయితే పోయేది మాత్రం మొత్తం అప్పు మీద చూడాలి. 10 లక్షల లోన్, పీడీ (డిఫాల్ట్ అయ్యే అవకాశం) 2 శాతం, ఎల్‌జీడీ (డిఫాల్ట్ అయితే పోయే వంతు) 40 శాతం అనుకోండి. డిస్కౌంటింగ్ పక్కన పెడితే 8,000. అదే లోన్ రిస్క్ బాగా పెరిగి స్టేజ్ 1 నుంచి స్టేజ్ 2కి వెళ్లి, జీవితకాల పీడీ 15 శాతమైతే 60,000.

మరి స్టేజ్ ఎప్పుడు మారుతుంది? వాయిదా కట్టక 30 రోజులు దాటితే అని బట్టీ పట్టేశాను. అది ఆఖరి హద్దు, కారణం చూపించి కాదనగలిగే ఊహ కూడా. మాది తెనాలి దగ్గర పల్లె, నాన్నకి కిరాణా కొట్టు. మినుముకి తెగులు తగిలిందని వినగానే అరువు తగ్గించేస్తారు. అప్పటికి ఎవరూ బాకీ తప్పలేదు. కొట్టు ముందు నుంచి రావడం మానేసి వెనక వీధిలో వెళ్లే మనిషి పేరు పక్కన ఖాతాలో చుక్క పెడతారు. స్టాండర్డ్ అడిగేదీ ఆ ముందుచూపే. (నిజానికి ఆ అరువులు ట్రేడ్ రిసీవబుల్స్ (అమ్మిన సరుకుకి రావాల్సిన బాకీలు) కిందకి వస్తాయి. వాటికి స్టేజ్‌లు లేవు, మొదటి రోజు నుంచే జీవితకాల నష్టం. నాన్నకి చెబితే నవ్వారు.)

స్టేజ్ 3లో (అప్పు ఇప్పటికే దెబ్బతిన్న దశ) వడ్డీ దగ్గర మాక్ టెస్ట్‌లో కూడా దెబ్బతిన్నా. 10 లక్షలకి 4 లక్షల అలవెన్స్ (నష్టానికి పక్కన పెట్టిన మొత్తం) ఉంటే, 10 శాతం ఈఐఆర్‌ని (ఎఫెక్టివ్ వడ్డీ రేటు) మిగిలిన 6 లక్షల మీదే వేయాలి: 60,000. నేను లక్ష రాశాను.

ఇంకొకటి, ప్రశ్నలో ఉన్నది బ్యాంకా, ఎన్‌బీఎఫ్‌సీయా (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీయా) అని చూడండి. 500 కోట్లు, ఆపైన నికర విలువ ఉన్న ఎన్‌బీఎఫ్‌సీలకి ఇండ్ ఏఎస్ 2018 ఏప్రిల్ 1 నుంచే వచ్చింది. బ్యాంకులకి దాన్ని 2019 మార్చిలో ఆర్‌బీఐ వాయిదా వేసింది. బాకీ 90 రోజులు దాటడం అన్నది రెండు చోట్లా కనిపిస్తుంది కాబట్టి ఆర్‌బీఐ ఎన్‌పీఏ (మొండి బాకీ) లెక్కనీ ఈసీఎల్‌నీ కలిపేస్తాం.

రెండో అటెంప్ట్‌లో స్టేజ్ ఏది, ఎందుకు అని రెండు లైన్లు రాశాకే కాలిక్యులేటర్ ముట్టుకున్నా.