ట్యాగు విజయవాడకి, పెట్టె బెంగళూరులో

డాలస్‌లో చెకిన్ కౌంటర్ అమ్మాయి రెండు పెట్టెలకీ ట్యాగులు చుట్టి, ఇక ఇవి విజయవాడలోనే మీకు కనబడతాయంది. ట్యాగు మీద పెద్దక్షరాల్లో విజయవాడ కోడ్ వీజీఏ, చిన్నగా బెంగళూరు కోడ్ బీఎల్ఆర్. అమ్మ మనసు కుదుటపడింది. నేను మాత్రం పక్కకి వచ్చాక చెప్పాను, "బెంగళూరులో మళ్లీ మనమే దించుకోవాలమ్మా" అని.

ట్యాగు ఎక్కడిదాకా ఉన్నా, విదేశం నుంచి వచ్చే సామాను మామూలుగా మన దేశంలో దిగిన మొదటి ఊళ్లోనే కస్టమ్స్ దాటాలి. అమెరికా వెళ్లేటప్పుడూ ఇదే పద్ధతి. ఒంటరిగా వచ్చే పెద్దవాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పరు. వాళ్లు కౌంటర్ మాట నమ్మి నేరుగా రెండో విమానానికి వెళ్లిపోతే, పెట్టెలు బెల్టు దగ్గరే ఉండిపోతాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

గల్ఫ్‌లో విమానం మారాలి. మొదటిది ఆలస్యమవడంతో పరుగున గేటు చేరాం. మనుషులైతే పరిగెత్తగలరు. పెట్టెలు దిగాలి, ఎక్స్‌రే దాటాలి, ట్యాగు మీది పదంకెల నంబరు స్కానర్ చదివి సరైన విమానం వైపు పంపాలి. అది నిమిషాల్లో అయ్యే పని కాదు.

తీరా కూర్చున్నాక విమానం కదల్లేదు. ఎవరో ప్రయాణికుడు ఎక్కలేదని, అతని సామాను దించుతున్నామని ప్రకటించారు. పక్క సీటులోని చిత్తూరాయన విసుక్కున్నాడు. ఆయనకి కనిష్క అనే విమానం సంగతి చెప్పాను. 1985 జూన్‌లో వాంకూవర్‌లో ఒకడు పెట్టె ఇచ్చి, కనెక్టింగ్ విమానానికి ట్యాగు వేయించుకుని, తను ఎక్కలేదు. ఆ పెట్టె టొరంటోలో మారి ఎయిర్ ఇండియా వాళ్ల ఆ కనిష్క విమానంలోకి చేరింది. ఐర్లండ్ దగ్గర సముద్రం మీద బాంబు పేలి 329 మంది పోయారు. మనిషి ఎక్కకపోతే పెట్టె దించాలన్న నియమం గట్టిపడడానికి అదొక కారణం. ఆయన ఇంకేం మాట్లాడలేదు. నేనైతే అలా ఎంతసేపు ఆపినా సంతోషంగా కూర్చుంటాను.

బెంగళూరు టెర్మినల్ 2లో దిగాం. ఇమిగ్రేషన్ త్వరగానే అయింది. బెల్టు మీద ఒక పెట్టె వచ్చింది, అమ్మ పాత చీర అంచు పీలిక కట్టినది. రెండోది రాలేదు. బెల్టు ఆగిపోయింది. అమ్మకి టెన్షన్ మొదలైంది, అందులో మనవరాలు ఇచ్చిన బొమ్మలున్నాయి. మందులు మాత్రం నా భుజాన సంచిలోనే ఉన్నాయి.

సామాను కౌంటర్లోని కుర్రాడు మా మాటలు విని, "ఏ ఊరమ్మా మీది? మాది హిందూపురం" అన్నాడు. బోర్డింగ్ పాస్ వెనక అంటించిన ట్యాగు ముక్క అడిగాడు. రకరకాల పెట్టెల బొమ్మలున్న అట్ట చూపించి, "ఇలాంటిదా, ఇలాంటిదా?" అంటూ పోలిక పట్టాడు. పెట్టె ఇంకా గల్ఫ్‌లోనే ఉందని కంప్యూటర్లో చూసి చెప్పాడు. ఫిర్యాదు రాసి బీఎల్ఆర్‌తో మొదలయ్యే నంబరిచ్చాడు. కస్టమ్స్ కోసం ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, తాళం నంబరు రాసుకున్నాడు. హాలు దాటి బయటికి రాకముందే ఇదంతా అయిపోవాలి, తర్వాత వాదించడం కష్టం. 21 రోజుల్లో రాకపోతే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పెట్టె పోయినట్టే లెక్క. వచ్చాక విరిగినట్టు కనబడితే 7 రోజుల్లో రాసివ్వాలి. పెట్టె వచ్చేదాకా కొన్న బట్టలకి రసీదులు దాచమన్నాడు.

ఉన్న పెట్టెని మళ్లీ అప్పగించి, షటిల్ బస్సులో టెర్మినల్ 1కి వెళ్లాం. రెండు టికెట్లూ ఒకే పీఎన్ఆర్ కాబట్టి 23 కిలోలకి ఎవరూ పేచీ పెట్టలేదు. విడివిడిగా కొనుంటే దేశంలో విమానానికి సాధారణంగా 15 కిలోలే.

తప్పిన పెట్టె తర్వాత ఇంటికే తెచ్చిచ్చారు, బొమ్మలన్నీ భద్రంగా. వచ్చే నెల పిన్ని ఒంటరిగా వస్తోంది. ఆమెకి ఒకే పీఎన్ఆర్ మీద, బెంగళూరులో ఐదు గంటల వ్యవధితో టికెట్ తీయించాం. పెట్టె ఎక్కడ దించుకోవాలో తెలుగులో రాసిన చీటీ పాస్‌పోర్టులో పెట్టించాం.