వీపు నేలమీద పెట్టి ఆడటం నేర్చుకున్నాను

మా తాతయ్యది వీరఘట్టం దగ్గర పల్లె. కోడి రామమూర్తి నాయుడు పుట్టిన ప్రాంతం కదా, ఇంట్లో కుస్తీ కబుర్లకి కొదవ ఉండేది కాదు. "వీపు మట్టికి ఆనిందంటే ఆట అయిపోయినట్టే" అనేవాడు తాతయ్య. విశాఖ ఎంవీపీ కాలనీలో ఓ మేడమీది హాల్లో బ్రెజిలియన్ జియు జిట్సు అనే పట్టుల కుస్తీ మొదలుపెట్టాక నన్ను వెంటాడింది ఆ మాటే. ఇక్కడ గార్డ్ అంటే వెల్లకిలా పడుకుని, అవతలివాణ్ణి కాళ్ళ మధ్య పెట్టుకుని ఆడటం. పడుకోగానే ఓడిపోయానన్న టెన్షన్ పట్టుకునేది. నాలుగు నెలలు కాళ్ళు బిగించి పట్టుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

మొదట నేర్పింది సిజర్ స్వీప్. స్వీప్ అంటే కింద ఉన్నవాడు పైవాణ్ణి తిప్పేసి తను పైకి రావడం. ఒక మోకాలు అతని ఛాతీకి అడ్డంగా, రెండో కాలు నేలమీద అతని మోకాలి పక్కన పెట్టి, కత్తెరలా కాళ్ళు ఆడించాలి. నాతో ప్రాక్టీస్ చేసే గాజువాక అన్న 90 కిలోలు, నేను 62. అతను మడమల మీద కూర్చుంటే చాలు, కదిలేవాడు కాదు. కోచ్ చూసి, "కాళ్ళు తర్వాత తమ్ముడూ. ముందు కాలర్, స్లీవ్ పట్టుకుని లాగు. బరువు నీ మీదకి రానీ" అన్నారు. లాగాను. అతని పిరుదులు మడమల మీంచి లేచిన ఆ క్షణంలో కాలు ఆడిస్తే మనిషి తేలిగ్గా తిరిగిపోయాడు. ఎన్ని వీడియోలు చూసినా నాకు ఎక్కని సంగతి అది.

నా ఆట మారింది మాత్రం హిప్ బంప్ అనే ఇంకో స్వీప్‌తోనే. అన్న నిటారుగా కూర్చున్నప్పుడు కాళ్ళు విప్పి, ఎడమ చెయ్యి వెనక నేలకి ఆనించి లేస్తాను. నా కుడి చెయ్యి అతని కుడి భుజం మీదుగా వెళ్ళి మోచేతి పైభాగాన్ని చుడుతుంది. నడుముతో గుద్ది ఎడమ వైపు తిప్పాలి. నెల రోజులు ప్రతిసారీ అన్న కుడి చెయ్యి నేలకి ఆనించి ఆగిపోయేవాడు. స్వీప్ పోయిందనుకుని నేను మళ్ళీ పడుకునేవాణ్ణి. "పోలేదు. నీకు చెయ్యి ఇచ్చాడు, తీసుకో" అన్నారు కోచ్. నేలకి ఆనించిన ఆ మణికట్టుని ఎడమ చేత్తో పట్టి, కుడి చేత్తో నా ఎడమ మణికట్టు నేనే పట్టుకుంటే అదే కిమురా, భుజాన్ని మెలిపెట్టే పట్టు. 1951లో రియోలో జపాన్ జూడో వీరుడు మసహికో కిమురా ఈ పట్టుతోనే బ్రెజిలియన్ జియు జిట్సు ఆద్యుల్లో ఒకడైన హీలియో గ్రేసీని ఓడించాడు, ఆ పేరు అలా వచ్చింది. చెయ్యి విరిగినా హీలియో ట్యాప్ చెయ్యలేదు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోలేదు. అందుకే మా హాల్లో దీన్ని నెమ్మదిగా వెయ్యాలన్నది గట్టి నియమం, భుజం పోతే నెలలు పడుతుంది.

జూన్ ఉక్కపోతలో, గీ, అంటే మా ఆట దుస్తులు, తడిసి ముద్దయి పట్టు జారిపోతున్న ఒక సాయంత్రం అన్న మొదటిసారి నాకు ట్యాప్ చేశాడు. లేచి నీళ్ళు తాగి, "మళ్ళీ వెయ్యి తమ్ముడూ, ఈసారి చెయ్యి ఆనించను" అన్నాడు. నిజంగానే ఆనించలేదు. నడుము తగలగానే పక్కకి ఒరిగి వెల్లకిలా పడ్డాడు, నేను పైన ఉన్నాను. పోటీల్లో స్వీప్‌కి 2 పాయింట్లు రావాలంటే పైన 3 సెకన్లు నిలవాలి. కోచ్ గోడ దగ్గర నుంచే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు.