అట్టల్లేని చందమామలు

నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి, టీ తాగి, నేరుగా అల్లికుళం కాంప్లెక్స్‌కి నడిచాను. 1985 మే 30న మూర్ మార్కెట్ తగలబడ్డాక పాత పుస్తకాల వాళ్లకు చోటిచ్చింది ఇక్కడే. అసలు మార్కెట్ ఉన్న జాగాలో ఇప్పుడు సబర్బన్ రైళ్లు ఆగుతున్నాయి. కాంప్లెక్స్‌లో ఎక్కడ చూసినా పోటీపరీక్షల గైడ్లే.

"పురాణాలూ జానపద కథలూ, బొమ్మలున్న పాత పుస్తకాలు ఏమన్నా ఉన్నాయా?" అని అడిగితే ఒకాయన "తెలుగోళ్లా సార్? ఉండండి" అంటూ పై అరలోంచి ఒక లావుపాటి పుస్తకం దించాడు. లాల్ బిహారీ డే బెంగాలీ జానపద కథలు. కథలు 1883 నాటివే అయినా, 1912లో మాక్‌మిలన్ వాళ్లు వార్విక్ గోబుల్ వేసిన 32 రంగుబొమ్మలతో మళ్లీ అచ్చువేశారు. సేకరించేవాళ్లంతా వెతికేది ఆ ముద్రణనే.

ఇలాంటివి చేతికొస్తే నేను ముందు చూసేది బొమ్మల పట్టిక. రంగుబొమ్మల కాగితం వేరు, అచ్చు వేరు. బ్లేడుతో జాగ్రత్తగా కోస్తే పుస్తకం పైకి నిండుగానే కనిపిస్తుంది. పట్టిక పక్కన పెట్టుకుని లెక్కపెడితే సగానికి సగం లేవు. ఏ ఇంటి గోడల మీద ఫ్రేముల్లో వేలాడుతున్నాయో! ధర మాత్రం 32 బొమ్మలకీ చెప్పాడు. దండం పెట్టి వచ్చేశాను.

సాయంత్రం వడపళనిలో పిన్ని ఇంటికి చేరాను. ఒకప్పుడు చందమామ ఆఫీసు ఉన్న పేట అది. "ఈ చెదలు పట్టిన పుస్తకాల కోసమా నెల్లూరు నుంచి వచ్చావు?" అంటూనే పక్కింటి మామ్మగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ దగ్గర ఏటేటి చందమామలూ కాలికో గుడ్డ బైండుల్లో భద్రంగా ఉన్నాయి. శంకర్ బొమ్మల్లో బేతాళుడు విక్రముడి భుజాన వేలాడుతూనే ఉన్నాడు, చిత్ర గీసిన రాక్షసులూ చెక్కుచెదరలేదు. అట్టలు మాత్రం లేవు!

"అట్టలుంటే బైండు లావైపోతుందని బైండింగువాడే తీసేసేవాడు నాయనా," అన్నారు మామ్మగారు.

మన ఇళ్లలో జరిగింది ఇదే. 1947 జూలైలో మొదలైన పత్రికను ప్రాణంగా దాచుకున్నవాళ్లే, వడ్డాది పాపయ్య రంగులద్దిన అట్టల్ని బైండింగువాడి చెత్తబుట్టకు వదిలేశారు. పైగా అంచులు సమం చేసే కత్తి బొమ్మల చివర్లని కూడా కోసుకుపోయింది. అందుకే నాకు నిగనిగలాడే బైండ్ల మీద నమ్మకం లేదు. నలిగినా చిరిగినా విడి సంచికే మేలు.

ఆదివారం తిరువల్లిక్కేణిలో పైక్రాఫ్ట్స్ రోడ్డు ప్లాట్‌ఫారం మీద అలాంటి విడి చందమామల కట్ట ఒకటి దొరికింది. పురికొస విప్పితే పైనున్న దాని అట్ట మూల చెదలు తిన్నాయి కానీ 'వపా' సంతకం శుభ్రంగా ఉంది. అది చూశాక బేరమాడటానికి నోరెలా వస్తుంది? అడిగినంతా ఇచ్చేశాను.