ఏ గ్రౌండ్?

విదేశంలో ఉద్యోగంలో చేరి మూడు వారాలు. డైనమోమీటర్ (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద వీ6 ఇంజిన్. రెండు సిలిండర్ వరసల (బ్యాంకుల) ఎగ్జాస్ట్‌కీ గాలి-ఇంధన నిష్పత్తిని కొలిచే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ చెరొకటి బిగించి, వాటి కంట్రోలర్లను రీడింగులు నమోదుచేసే డేటా లాగర్‌కి కలపడం నా పని. ఎక్స్‌టెన్షన్ హార్నెస్ (వైర్ల కట్ట) కూడా నేనే కట్టాను. బూడిదరంగు వైరు కనబడగానే చెయ్యి గ్రౌండ్ వైపు పోయింది. నాలుగు వైర్ల పాత నారోబ్యాండ్ సెన్సర్లలో అది సిగ్నల్ గ్రౌండే మరి. నేను బిగించే వైడ్‌బ్యాండ్ సెన్సర్ బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9లో మాత్రం అది సెన్సర్‌ని వేడిగా ఉంచే హీటర్‌కి ప్లస్. డ్రాయింగ్ ఇంకోసారి చూశాను కాబట్టి సరిపోయింది.

అక్కడ తప్పించుకున్నవాణ్ణి పక్క వైరు దగ్గర దొరికిపోయాను.

కంట్రోలర్ 0 నుంచి 5 వోల్టులు ఇస్తుంది. 0 అంటే గాలి-ఇంధన నిష్పత్తి 10, 5 అంటే 20. అంటే వోల్టుకి రెండు పాయింట్లు. ఐడిల్‌లో కంట్రోలర్ తెరమీద 14.7 ఉంటే లాగర్‌లో 14.9. లోడ్ పెంచితే తేడా తగ్గుతూ వచ్చింది. ఆ తగ్గడమే నన్ను మోసం చేసింది, ఇంజిన్ స్వభావం అనుకున్నాను. క్యాలిబ్రేషన్ చేసేవాళ్ళు లాగర్‌ని నమ్మి, లీన్‌గా (ఇంధనం తక్కువగా) ఉందని ఇంధనం పెంచారు కూడా.

నాలుగో రోజు సీనియర్ వచ్చి హార్నెస్ వంక చూసి ఒకే మాట అడిగాడు: "ఇది ఏ గ్రౌండ్?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. పని నేర్చుకున్న చోట అన్నిటినీ ఎర్త్ అనే అనేవాళ్ళం. నల్ల వైరంటే ఎర్త్, అంతే. వైరు ఆదా అవుతుందని హీటర్ గ్రౌండ్‌నీ సిగ్నల్ గ్రౌండ్‌నీ కలిపి ఒకే సన్నని వైరుతో ఇంజిన్ బ్లాక్‌కి తెచ్చాను. పైగా నీటుగా కట్టానని లోలోపల మురిశాను కూడా!

అతను మల్టీమీటర్ నా చేతికిచ్చాడు. నల్ల ప్రోబ్ లాగర్ గ్రౌండ్ మీద, ఎర్ర ప్రోబ్ కంట్రోలర్ గ్రౌండ్ మీద. రెండూ గ్రౌండే, సున్నా రావాలి. 0.11 వోల్టులు చూపించింది. రెండు పాయింట్లతో గుణిస్తే 0.22. హీటర్ కరెంటు ఆ సన్నని వైరులో పారుతూ కంట్రోలర్ గ్రౌండ్‌ని పైకి లేపుతోంది. లోడ్ మీద ఎగ్జాస్టే సెన్సర్‌ని వేడిచేస్తుంది, హీటర్‌కి పని తగ్గుతుంది, తేడా కూడా తగ్గుతుంది. ఇంజిన్ స్వభావం కాదు, నా వైరు స్వభావం.

బాగుచెయ్యడానికి గంట కూడా పట్టలేదు. హీటర్ గ్రౌండ్ లావు వైరుతో నేరుగా బ్లాక్‌కి, సిగ్నల్ గ్రౌండ్ విడిగా లాగర్ డిఫరెన్షియల్ ఇన్‌పుట్ (రెండు వైర్ల మధ్య తేడానే కొలిచేది) మైనస్‌కి. తేడా మాయం.

కష్టం ఆ తర్వాతది. తేడా స్థిరంగా ఉంటే పాత డేటాలోంచి తీసేసేవాళ్ళం. ఇది లోడ్‌తో మారేది, మూడు రోజుల పరుగులు మళ్ళీ నడపాల్సిందే. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి, వీసా ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది. తప్పు నాదేనని మెయిల్ రాయడానికి అరపూట పట్టింది. క్షమాపణే నాలుగు వాక్యాలు.

పది నిమిషాల్లో క్యాలిబ్రేషన్ నుంచి జవాబు: "ఏ ఫైల్ నుంచి ఏ ఫైల్ దాకా?"

ఆ జాబితా తయారుచేసి పంపేసరికి ఇంజిన్ పరీక్షించే గదిలో లైట్లు ఆర్పేశారు.